సైలెన్సర్ బోల్టు ఎంత బిగించాలి?

మన ఊళ్ళలో కారు కింద ఇంజిన్ దగ్గర మొదలై వెనక బంపర్ దాకా పోయే గొట్టం మొత్తానికి ఒకటే పేరు, సైలెన్సర్. స్కూటర్‌కైనా లారీకైనా అదే మాట. ఇక్కడికొచ్చి, లేబర్ ఖర్చు చూసి గుండె గుభేలుమని, నా కారు కిందకి నేనే దూరడం మొదలుపెట్టాక దాని భాగాలు విడివిడిగా పరిచయమయ్యాయి. ఇంజిన్‌కి అంటుకుని మేనిఫోల్డ్, తర్వాత కెటలిటిక్ కన్వర్టర్, మధ్యలో రెజొనేటర్, చివర మఫ్లర్. ఒక్కో జత మధ్య ఒక అతుకు. ఆ అతుకుని పట్టుకుని రెండో మూడో బోల్టులు. వాటిని ఎంత బిగించాలన్నదే ఇవాళ్టి విషయం.

"ఎంత వీలైతే అంత" అని చాలామంది జవాబు. ఇంజనీరింగ్ చదివినవాళ్ళు కూడా అదే అంటారు, నేను అడిగి చూశాను. మెషీన్ డిజైన్ పేపర్లో బోల్టు లెక్కలు చేసి మార్కులు తెచ్చుకున్నవాళ్ళే.

ముందు ఈ అతుకు వదులైతే ఏమవుతుందో చెప్పాలి. నేనుండే పిట్స్‌బర్గ్ చుట్టుపక్కల చలికాలమంతా రోడ్ల మీద ఉప్పు జల్లుతారు. మంచు కరుగుతుంది, కారు అడుగు భాగం కుళ్ళుతుంది. ఎం.ఎస్.కి వచ్చిన మన పిల్లలు కొనేది పదీ పదిహేనేళ్ళ పాత కారు, సీనియర్ దగ్గర నుంచి చేతులు మారినది. జనవరిలో అద్దాలన్నీ ఎత్తేసి, హీటర్ పెట్టుకుని, పార్కింగ్‌లో ఫోన్ చూసుకుంటూ కూర్చుంటారు. ఇంజిన్‌కీ కన్వర్టర్‌కీ మధ్య అతుకు కారుతుంటే బయటికొచ్చేది ఇంకా శుభ్రపడని పొగ. అందులో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మన రక్తంలోని హీమోగ్లోబిన్ ఆక్సిజన్‌ని పట్టుకునే దానికన్నా 200 రెట్లకు పైగా గట్టిగా దాన్ని పట్టుకుంటుంది. మొదట తలనొప్పి, తర్వాత వికారం, మగత. మగత వచ్చినవాడికి తలుపు తీసుకుని దిగాలన్న ఆలోచన కూడా రాదు.

రెండో నష్టం జేబుకి. ఇంజిన్ నుంచి పొగ కుళాయి ధారలా రాదు, దఫదఫాలుగా వస్తుంది. ఒక దఫాకీ ఇంకో దఫాకీ మధ్య గొట్టంలో ఒత్తిడి బయటి గాలి కంటే తగ్గే క్షణాలుంటాయి. అప్పుడు సందులోంచి బయటి గాలి లోపలికి వస్తుంది. పక్కనే ఉన్న ఆక్సిజన్ సెన్సర్ దాన్ని చూసి, ఇంధనం తక్కువైందని కంప్యూటర్‌కి చెబుతుంది. కంప్యూటర్ పెట్రోలు ఎక్కువ పోస్తుంది. మైలేజీ పడిపోతుంది, చెక్ ఇంజిన్ లైటు వెలుగుతుంది. పి0171 అన్న కోడ్ చూసి సెన్సర్ మార్చేసి, లైటు మళ్ళీ వచ్చిందని తల పట్టుకున్నవాళ్ళు నాకు ఇద్దరు తెలుసు. సెన్సర్ తప్పేమీ లేదు పాపం, అది చూసిందే చెప్పింది.

ఇక బోల్టు సంగతి. బోల్టుని మనం మేకు లాంటిది అనుకుంటాం. నిజానికి అది స్ప్రింగు. బిగిస్తున్నప్పుడు కంటికి కనబడనంతగా సాగుతుంది. సాగినది మళ్ళీ ముడుచుకోవాలని చూస్తుంది కాబట్టి రెండు పలకల్నీ దగ్గరికి లాగి పట్టుకుంటుంది. మనకి కావలసింది ఆ లాగుడు. కానీ కారు కింద పడుకుని ఆ లాగుడుని కొలిచే సాధనం మన దగ్గర లేదు. కొలవగలిగింది తిప్పుడు బలాన్ని మాత్రమే. అదే టార్క్. తెలుగు మీడియంలో చదివినవాళ్ళకి భ్రామకం అంటే వెంటనే అందుతుంది. ఒక మీటరు పొడుగు పానా చివర ఒక న్యూటన్ బలంతో తోస్తే ఒక న్యూటన్ మీటరు.

లెక్క చిన్నదే. టార్క్‌ని బోల్టు వ్యాసంతోనూ, రాపిడికి సంబంధించిన ఒక గుణకంతోనూ భాగిస్తే లాగుడు వస్తుంది. పొడిగా ఉన్న మామూలు ఉక్కు బోల్టుకి ఆ గుణకం సుమారు 0.2. 10 మిల్లీమీటర్ల బోల్టుని 40 న్యూటన్ మీటర్లతో బిగిస్తే లాగుడు 20,000 న్యూటన్లు. అంటే దాదాపు రెండు టన్నుల బరువు. చిటికెన వేలంత బోల్టు ఒక పెద్ద ఎస్‌యూవీని మోసేంత బలంతో పట్టుకుందన్నమాట. మొదటిసారి ఈ లెక్క వేసినప్పుడు నేను రెండుసార్లు సరిచూసుకున్నాను.

ఇందులో ఒక చమత్కారం ఉంది. మనం పెట్టే శ్రమలో సుమారు సగం బోల్టు తల కింద రాపిడికే పోతుంది. ఇంకో 40 శాతం మరల మధ్య రాపిడికి. నిజంగా బోల్టుని సాగదీసేది మిగిలిన పదో వంతు. కాబట్టి రాపిడి కొంచెం మారినా లాగుడు చాలా మారిపోతుంది. తుప్పు పట్టిన మరల్లో అదే 40 దగ్గర రెంచి టక్కుమంటుంది కానీ, బోల్టు సాగనే సాగదు, శ్రమంతా తుప్పు తినేస్తుంది. దీనికి తిరగేసి చూడండి. బోల్టు మళ్ళీ పట్టేయకూడదని మరలకి యాంటీ సీజ్ పూస్తారు, వెండి రంగులో ఉండే ఆ ముద్ద. గుణకం 0.15కి దిగిందనుకుంటే అదే 40కి లాగుడు 26,000 న్యూటన్లు దాటుతుంది. మూడో వంతు ఎక్కువ. అందుకే మాన్యువల్‌లో ఉన్న అంకె పొడి మరలకా, పూత పూసిన మరలకా అన్నది చూడాలి. ఏమీ రాయకపోతే శుభ్రమైన పొడి మరలకనే అనుకోవాలి. పూత పూస్తే అంకె తగ్గించాలి.

పోయిన చలికాలం మా ఆఫీసులో పనిచేసే ఖమ్మం కుర్రాడొకడు ఫోన్ చేశాడు. "అన్నా, హీటర్ వేస్తే తల పట్టేస్తున్నది. అద్దం కొంచెం దించుకుని నడుపుతున్న" అన్నాడు. జనవరిలో అద్దం దించుకుని! "నువ్వు ఆ కారు ముట్టుకోకు, నేనే వస్తా" అని శనివారం పొద్దున్నే సామాను వేసుకుని వెళ్ళాను. వాళ్ళ ఇంటి ఓనరు వెనక వాకిలి వాడుకోమన్నాడు.

జపాన్ కంపెనీ సెడాన్. అలాంటి చాలా కార్లలో ఇంజిన్ అడ్డంగా ఉంటుంది. యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా ముందుకీ వెనక్కీ ఊగుతుంది. గొట్టం మాత్రం కారు అడుగుకి వేలాడుతూ ఉంటుంది. ఊగేదాన్నీ ఊగనిదాన్నీ కలపాలి కాబట్టి మధ్యలో కీలు లాంటి అతుకు పెడతారు. గారె ఆకారంలో ఒక గాస్కెట్ (దాన్ని ఇక్కడివాళ్ళు డోనట్ అంటారు, మనం గారె అనడమే న్యాయం), దానికి అటూ ఇటూ రెండు బోల్టులు, బోల్టుకో స్ప్రింగు. ఆ బోల్టులకి మెడ దగ్గర ఒక మెట్టు ఉంటుంది. మెట్టు వచ్చి పలకకి ఆనగానే బిగింపు ఆగిపోవాలి. అప్పటికి స్ప్రింగు కొంతే నొక్కుకుని ఉంటుంది, చుట్ల మధ్య ఖాళీ కనబడుతుంది. గాస్కెట్‌ని నొక్కి పట్టేది ఆ స్ప్రింగే. ఇక్కడ మాన్యువల్ అంకె మెట్టుని పలక మీద గట్టిగా కూర్చోబెట్టడానికి మాత్రమే.

లైటు వేసి చూస్తే ఒక బోల్టు కంపెనీది. రెండోది హార్డ్‌వేర్ దుకాణంలో దొరికే మామూలు బోల్టు, మెట్టు లేదు. వెనక నట్టు వేసి, స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి ఆనేదాకా బిగించేశారు. అటువైపు అతుకు రాయిలా అయిపోయింది. ఊగడానికి చోటు లేక గాస్కెట్ చిట్లి, ఇటువైపు నోరు తెరుచుకుంది. చుట్టూ నల్లటి మసి గీత. అక్టోబరులో శబ్దం వస్తోందని ఏదో షాపులో చూపించాడట. "గట్టిగా బిగించాం, ఇక కదలదు" అన్నారట వాళ్ళు. నిజమే చెప్పారు. కదలకపోవడమే దాని జబ్బు.

పాత బోల్టుల్ని తీయడం అసలు పని. ఎక్కువ చెప్పను. ముందురోజు రాత్రే తుప్పు కరిగించే నూనె కొట్టి ఉంచాలని వాడికి ఫోన్‌లో చెప్పాను, కొట్టాడు. పొద్దున్న మళ్ళీ కొట్టి, పావు చుట్టు విప్పి, మళ్ళీ కొంచెం బిగించి, మళ్ళీ విప్పి, అలా గంట పట్టింది. ఒక్క ఊపున విప్పితే తల ఊడి చేతికొస్తుంది, మొండెం లోపల ఉండిపోతుంది. ఆ మొండేన్ని డ్రిల్లు వేసి తీయించడానికి షాపువాళ్ళు అడిగే డబ్బుతో ఒక విమానం టికెట్ కొనచ్చు. విప్పడానికి మామూలు పొడుగు రెంచి వాడాలి, టార్క్ రెంచి కాదు. అది కొలిచే పనిముట్టు, దానితో కుస్తీ పడితే కొలత పోతుంది. ఇంకొకటి, కారు జాకీ మీద ఉండగా కిందకి దూరకండి. స్టాండ్లు పెట్టి, కారుని ఒకసారి ఊపి చూసి, అప్పుడు దూరండి.

టార్క్ రెంచి గురించి ఒక చిన్న కథ. దీన్ని కనిపెట్టినవాడిగా చెప్పేది కాన్రాడ్ బార్ అనే ఆయన్ని. న్యూయార్క్ నగర నీటి శాఖలో పనిచేసేవాడు. నేలలోపలి గొట్టాల అతుకుల దగ్గర బోల్టుల్ని ఎక్కువ బిగించి పాడుచేస్తున్నారని తయారుచేశాడట. కార్ల కోసం కాదు, గొట్టాల కోసం. వందేళ్ళ తర్వాత మనమూ గొట్టం అతుకు దగ్గరే ఉన్నాం.

ఇప్పుడు దొరికే టక్కుమనే రకం మంచిదైతే నాలుగు శాతం అటూ ఇటూగా సరిగ్గా చూపిస్తుంది. తన పరిధిలో మరీ అడుగున నమ్మకూడదు. 200 దాకా కొలిచే పెద్ద రెంచితో 20 కొలవబోతే అది టక్కుమనకముందే బోల్టు తెగచ్చు. పిడి మధ్యలో పట్టుకుని నెమ్మదిగా లాగాలి, టక్కుమనగానే ఆపాలి. "ఇంకోసారి చూద్దాం" అని మళ్ళీ మళ్ళీ టక్కుమనిపించడం మనవాళ్ళకి సరదా, ప్రతిసారీ కొంచెం ఎక్కువ బిగుస్తుంది. పనయ్యాక అంకెని అడుక్కి దించి పెట్టెలో పెట్టాలి. కొనలేనివాళ్ళకి ఇక్కడి పెద్ద విడిభాగాల దుకాణాలు డిపాజిట్ తీసుకుని అరువిస్తాయి. అంకె పక్కనున్న కొలమానం మాత్రం చూసుకోండి. ఒక పౌండ్ ఫుట్ 1.36 న్యూటన్ మీటర్లు. పాత మాన్యువల్స్‌లో ఉండే కిలో మీటరు అయితే 9.8. పౌండ్ అంగుళాలు అని ఇంకొకటుంది, అది ఫుట్‌లో పన్నెండో వంతు.

కొత్త గాస్కెట్, మెట్టున్న అసలు బోల్టులు, స్ప్రింగులు అన్నీ కలిపి 40 డాలర్ల లోపే అయ్యాయి. ఆ కారుకి అంకె 43 న్యూటన్ మీటర్లు. మీ కారుకి ఇదే ఉండాలని లేదు, మీ మాన్యువల్ చూసుకోండి. రెండు బోల్టులూ చేత్తో ఎక్కించి, ఒకవైపు కొంత, ఇటువైపు కొంత బిగించి, చివర్న రెంచి. టక్.

వాడు కిందకి దూరి చూశాడు. "ఇంకొంచెం బిగిద్దామన్నా, స్ప్రింగులో సందు కనిపిస్తున్నది."

"ఆ సందు ఉండాలిరా. గొట్టం పట్టుకుని ఊపు."

ఊపాడు. అతుకు దగ్గర కొంచెం ఊగింది, గాస్కెట్ మాత్రం అంటుకునే ఉంది. వాడి మొహంలో నమ్మకం కుదరలేదు. రెండు చేతులా బిగించిందే గట్టిదన్నది మనకి చిన్నప్పటి నుంచీ వచ్చిన లెక్క కదా.

స్ప్రింగు లేని అతుకుల దగ్గర కథ వేరు, బాధ మాత్రం అదే. అల్యూమినియం వేడికి పోత ఇనుము కంటే దాదాపు రెండింతలు సాగుతుంది. ఇంజిన్ తల అల్యూమినియం, దానికి బిగించిన మేనిఫోల్డ్ పోత ఇనుము అయితే, రోజూ వేడెక్కి చల్లారినప్పుడల్లా ఒకదాని మీద ఒకటి జరుగుతాయి. అందుకే మేనిఫోల్డ్ చివరి రంధ్రాలు కొన్నిట్లో కోలగా ఉంటాయి, జరగడానికి చోటు. అతిగా బిగిస్తే ఆ జరుగుడు ఆగి, భారమంతా చివరి బోల్టుల మీద పడుతుంది. తెగేవి ఎక్కువగా ఆ చివరివే. ఈ బోల్టుల్ని ఇంజిన్ పూర్తిగా చల్లారాక, మధ్యనుంచి అంచులకి, ముందు సగం అంకెకి, తర్వాత పూర్తి అంకెకి బిగించాలి. గొట్టం మొత్తం విప్పినప్పుడైతే అన్ని అతుకులూ వదులుగా కలిపి, వేలాడే రబ్బర్లకి తగిలించి, ఎక్కడా ఏదీ తగలడం లేదని చూసుకుని, అప్పుడు ముందు నుంచి వెనక్కి బిగించుకుంటూ రావాలి. ముందే ఒకటి బిగించేస్తే గొట్టం మెలిపడి, ఆ మెలి బరువు కూడా బోల్టే మోస్తుంది.

మన ఊరి షెడ్డులో మేస్త్రీలు టార్క్ రెంచి లేకుండానే చేస్తారు కదా అని అడుగుతారు. చేస్తారు. ముప్ఫయ్యేళ్ళు అదే సైజు బోల్టుని అదే పానాతో తిప్పిన చేతికి, మర ఎక్కడ పట్టుకుందో ఎక్కడ సాగడం మొదలైందో తెలుస్తుంది. నేను వాళ్ళని తక్కువ చేయను. కానీ కీబోర్డు మీద బతికే నా చేతికి ఆ జ్ఞాపకం లేదు, మీ చేతికీ ఉండకపోవచ్చు. పైగా వాళ్ళ మరలు ఉప్పు తిన్నవి కావు.

చివరి పరీక్ష చవకైనది. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి, అతుకుల మీద సబ్బునీళ్ళు కొట్టండి, బయట గాలిలో, గరాజ్‌లో కాదు. కారుతుంటే బుడగలొస్తాయి. ఇంకో పద్ధతి, ఇంజిన్ ఆపేసి, షాప్ వాక్యూమ్‌ని ఊదే వైపు తిప్పి వెనక గొట్టంలో పెట్టి ఊదుతూ సబ్బునీళ్ళు కొట్టడం. చెయ్యి కాలదు, పొగ పీల్చక్కర్లేదు. నాకు ఇదే ఇష్టం. కుర్రాడి కారు ముందు అతుకు దగ్గర ఒక్క బుడగ రాలేదు. మఫ్లర్ దగ్గర మాత్రం గుప్పెడు బుడగలు. అక్కడ గొట్టమే చిల్లులు పడింది, బోల్టుతో అయ్యే పని కాదు. పెన్సిల్వేనియాలో ఏటేటా తనిఖీ ఉంటుంది, పొగగొట్టం కారితే స్టిక్కర్ ఇవ్వరు. వాడి గడువు మార్చిలో. ఈలోపు ఒక మఫ్లర్ చూసి పెట్టమన్నాను. కారులో పెట్టుకోవడానికి బ్యాటరీతో నడిచే కార్బన్ మోనాక్సైడ్ అలారం కూడా ఒకటి కొనమన్నాను. అది మాత్రం ఆ సాయంత్రమే కొన్నాడు.