వార్తల్లో పదం: శాంపిల్ బయాస్

సంగీతోత్సవాలకెళ్లే కుర్రకారులో ఇంత శాతం మత్తుమందులు వాడుతున్నారని సర్వే చెబితే, ముందు అడగాల్సింది: ఎవరిని అడిగారు? పండగ ముందు విజయవాడ గవర్నర్‌పేట బీసెంట్ రోడ్డులో నిలబడి లెక్కేస్తే రాష్ట్రమంతా బట్టలే కొంటున్నట్టు తేలుతుంది. ఇదే శాంపిల్ బయాస్. గేటు దగ్గర దొరికినవాళ్ల అంకె యువతరం మొత్తానిది కాదు.

జవాబులనూ పూర్తిగా నమ్మలేం, అబద్ధమాడకపోయినా సరే; ఏం వాడారో వాళ్లకే తెలియకపోవచ్చు. న్యూయార్క్‌లో ఎక్స్‌టసీ అనే మత్తుమందు వాడామన్న క్లబ్, ఫెస్టివల్ ప్రేక్షకుల జుట్టు పరీక్షిస్తే సగం నమూనాల్లో ‘బాత్ సాల్ట్స్’ వంటి కొత్త మత్తుమందులు బయటపడ్డాయని 2016లో ప్రచురితమైన అధ్యయనం తేల్చింది. అయితే పరీక్షించింది 48 మందినే!

2019 నాటి ఎయిమ్స్ జాతీయ సర్వే అలా ఒక్క గేటు దగ్గర ఆగకుండా ఇంటింటికీ తిరిగింది. దేశంలో గంజాయి, భంగు వాడేవాళ్లు 2.8 శాతం మంది అని తేల్చింది. ఇక మన మత్తుమందుల నిరోధక విభాగం ‘ఈగల్’ పోలీసులు పట్టుకునే గంజాయి కిలోల లెక్క నిఘాకు కొలమానమే, వాడకానికి కాదు.