విజయపురి శాసనాలు: ఒకే కుటుంబంలో వైదిక, బౌద్ధ ధర్మాలు

లక్ష్యాలు

ఈ పాఠ్యాంశం చదివిన తరువాత మీరు:
• ఇక్ష్వాకుల కాలంలో వైదిక, బౌద్ధ ధర్మాల మధ్య ఉన్న సంబంధాన్ని వివరించగలుగుతారు.
• దానశాసనాలను సాంఘిక చరిత్రకు ఆధారాలుగా వినియోగించగలుగుతారు.

1. పరిచయం

ప్రాచీన భారతదేశంలో వైదికులు, బౌద్ధులు గిరిగీసుకొని బతికిన రెండు వేరువేరు సమాజాలని చాలామంది భావిస్తారు. ఆనాటి శాసనాలను పరిశీలిస్తే ఈ అభిప్రాయాన్ని సవరించుకోవలసి వస్తుంది. కృష్ణానది కుడిగట్టున ఉన్న విజయపురి, అంటే నేటి నాగార్జునకొండ, ఇందుకు మంచి ఉదాహరణ. శాతవాహనుల తరువాత క్రీ.శ. 3వ శతాబ్దంలో ఇక్ష్వాకులు ఈ నగరాన్ని రాజధానిగా చేసుకొని పాలించారు. నాగార్జునసాగర్ జలాశయంలో ఈ లోయ మునగకముందు, 1954-60 మధ్య ఇక్కడ విస్తృతంగా తవ్వకాలు జరిగాయి.

2. రాజు యజ్ఞాలు, సోదరి దానాలు

వంశ స్థాపకుడైన వాసిష్ఠీపుత్ర శాంతమూలుడు అగ్నిష్టోమ, వాజపేయ, అశ్వమేధ యాగాలు చేశాడు. అతడు మహాసేనుని, అంటే కార్తికేయుని, భక్తుడు. అతని సోదరి శాంతిశ్రీ మాత్రం బౌద్ధ మహాచైత్యానికి స్తంభాలు దానం చేసింది. ఇది శాంతమూలుని కుమారుడు వీరపురుషదత్తుని 6వ పాలనా సంవత్సరంలో జరిగింది.

ఆమె ప్రాకృత శాసనాలలో ఒక విశేషం గమనించండి. అవి బుద్ధుని స్తుతిస్తాయి. అదే రాతిపై శాంతమూలుని యజ్ఞాలను, సువర్ణ, గోదానాలను కూడా కీర్తిస్తాయి. ఈ రెండింటి మధ్య వైరుధ్యం ఉన్నట్లు దాతకు తోచలేదు.

కారణమేమిటి? కొత్తగా అధికారంలోకి వచ్చిన వంశానికి అశ్వమేధం సార్వభౌమత్వాన్ని చాటే సాధనం. విహారానికి చేసిన దానం దాతకు, ఆమె పుట్టింటికి, మెట్టినింటికి పుణ్యం తెచ్చిపెడుతుందని నమ్మకం. అంటే ఒక్కో ధర్మం ఒక్కో అవసరాన్ని తీర్చింది.

3. స్త్రీలు, బంధుత్వం

వీరపురుషదత్తుడు తన మేనత్తల కుమార్తెలను వివాహమాడాడు. తెలుగువారికి సుపరిచితమైన మేనరికం ఇదే. రాజుల పేర్లలో వాసిష్ఠీపుత్ర, మాఠరీపుత్ర వంటి మాతృనామాలున్నా, సింహాసనం తండ్రి నుంచి కుమారునికే సంక్రమించింది. కాబట్టి మాతృనామాలను బట్టి దీనిని మాతృస్వామ్యంగా భావించరాదు.

దాతలందరూ రాజవంశీయులు కారు. బోధిశ్రీ అనే ఉపాసిక సింహళ భిక్షువుల కోసం చైత్యగృహం నిర్మించింది. తన శాసనంలో పుట్టింటి, అత్తింటి బంధువులను పేర్కొని, పుణ్యంలో వారికీ భాగం కల్పించింది.

4. ఆధారాల పరిమితులు

ఈ సామరస్యాన్ని సమానత్వంగా పొరబడకండి. శాసనాలు ప్రధానంగా సంపన్నుల మాటలు. పొలం దున్నిన రైతులు, రాళ్లు మోసిన కూలీలు వాటిలో దాదాపు కనిపించరు. పోషణ కూడా శాశ్వతం కాదు. తరువాతి రాజు ఎహువుల శాంతమూలుని కాలంలో పుష్పభద్రస్వామి ఆలయం వంటి శైవ కట్టడాలు వెలిశాయి. ఇక్ష్వాకుల పాలన ముగిశాక రాజపోషణ కోల్పోయిన విహారాలు క్రమంగా క్షీణించాయి.

5. సారాంశం

విజయపురిలో వైదిక, బౌద్ధ ధర్మాలు ఒకే కుటుంబంలో పక్కపక్కన వర్ధిల్లాయి. ఒక కాలపు మతజీవితాన్ని అంచనా వేసేటప్పుడు రాజు ఏ మతస్థుడన్న ప్రశ్నతో ఆగిపోకండి. ఎవరు, ఎవరికి, ఎందుకు దానం చేశారో కూడా పరిశీలించండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. శాంతిశ్రీ శాసనాలు ఇక్ష్వాకుల కాలపు మతజీవితం గురించి ఏమి తెలుపుతాయి?
2. మాతృనామాలు మాతృస్వామ్యానికి నిదర్శనాలా? కారణాలతో చర్చించండి.