గోల్ఫ్ నేర్చుకుంటూ విసిగిపోయారా?

అనంతపురం నుంచి బెంగళూరొచ్చి సాఫ్ట్‌వేర్‌లో పడ్డ నాలాంటోళ్లకు గోల్ఫ్ మొదటి నెల సరదాగానే ఉంటుంది. మూడో నెలకి చిరాకు మొదలవుతుంది. నిన్న నేరుగా వెళ్లిన బంతి ఇవాళ పక్కకు పోతుంది. ఖర్చేమో ఎక్కువ. ఇంటికి ఫోన్ చేస్తే ‘ఎండలో ఆ కర్రాట ఏందిరా’ అంటారు. చాలామంది వదిలేసేది ఇక్కడే.

కోడ్‌లో బగ్ వస్తే లాగ్ చూస్తాం కదా, గోల్ఫ్‌కి స్కోర్‌కార్డే లాగ్. పార్ 72 కోర్సులో 18 గుంతలకి రెండేసి చొప్పున 36 స్ట్రోకులు, అంటే సరిగ్గా సగం, పటింగ్‌కే లెక్క. గ్రీన్ మీద బంతిని గుంతలోకి దొర్లించడమన్నమాట. మనమేమో ప్రాక్టీసంతా దూరం కొట్టడానికే పెడతాం. అందుకే మొత్తం స్కోరు పక్కనే పటింగ్ స్ట్రోకులు విడిగా రాసుకోండి. అవి 42 నుంచి 39కి తగ్గాయా? మొత్తం మారకపోయినా మీరు ముందుకెళ్లినట్టే.

బెంగళూరు అమ్మాయి అదితీ అశోక్‌నే చూడండి. 2016 రియో ఒలింపిక్స్‌లో 41వ స్థానం. టోక్యోలో 4వ స్థానం, కాంస్యం ఒక్క స్ట్రోకుతో చేజారింది. 2024 పారిస్‌లో మళ్లీ 29. అంత పెద్ద ప్లేయర్‌కే గ్రాఫ్ నేరుగా పైకి పోలేదు.

మన వేరుశనగ చేను తెలుసుగా? పూత తర్వాత ఊడలు భూమిలోకి దిగుతాయి. కాయ ఊరేది లోపలే, పైకి ఏమీ కనబడదు. రోజూ పీకి చూస్తే పంటే ఉండదు. ఈ వారం సగం టైమ్ పటింగ్‌కి ఇవ్వండి. లెక్క నెల తర్వాత చూసుకోండి.