కొత్త పీసీల ఫ్యాన్లు తిరుగుతున్నయ్, డిస్‌ప్లే మాత్రం వస్తలేదా? గ్రాఫిక్స్ కార్డు పోయిందనే ముందు ఇది చదవండి

0:00 ఇంట్రో

గోదావరిఖని నుంచి మళ్ళీ మీ ముందుకు వచ్చేసిన. ఈ ఎపిసోడ్ మొత్తం ఒక్క ప్రాబ్లం గురించే. కొత్తగా పీసీ బిల్డ్ చేసిండ్రు. పవర్ బటన్ నొక్కిండ్రు. ఫ్యాన్లు తిరుగుతున్నయ్, రంగురంగుల లైట్లు వెలుగుతున్నయ్. మానిటర్ మీద మాత్రం ‘నో సిగ్నల్’. అప్పుడు మన గుండె ఎట్లుంటదో నాకు తెలుసు. ఫస్ట్ పీసీ బిల్డ్ చేసినప్పుడు నాకూ ఇదే అయింది.

0:40 అసలు ఏం జరిగింది

మా కాలనీల ఒక తమ్ముడు ఉన్నడు, బీటెక్ ఫస్ట్ ఇయర్. వాళ్ళ బాపు సింగరేణిల ఎలక్ట్రీషియన్, బాయి డ్యూటీ. దసరా ముందు వచ్చిన లాభాల వాటా పైసలు తీసి కొడుక్కి పీసీ కొనిచ్చిండు. ఐ5-12400ఎఫ్ ప్రాసెసర్, ఆర్‌టీఎక్స్ 3060 కార్డు, 16 జీబీ ర్యామ్. పార్టులన్నీ ఆన్‌లైన్ల తెప్పిచ్చి, వీడియోలు చూసుకుంట తనే ఫిట్ చేసిండు.

ఆరు రోజులైనా డిస్‌ప్లే రాలే. రాత్రి తొమ్మిదింటికి నాకు ఫోన్ చేసిండు. “అన్నా, కార్డు డెడ్ పీసే వచ్చినట్టుంది. రిటర్న్‌కు రేపే లాస్ట్. షాపాయనకు ఫోన్ల అడిగితే కార్డే పోయింది అన్నడు. బాపుకు ఇంకా చెప్పలే.”

“రిటర్న్ పెట్టకు, వస్తున్న ఆగు” అని బండి తీసిన.

నేను పోయేసరికి కాక ఫస్ట్ షిఫ్ట్ చేసి వచ్చి ఇంట్లనే ఉన్నడు. టేబుల్ మీద విప్పి పెట్టిన కార్డును చూడంగనే విషయం అర్థమైంది ఆయనకు. కోపం చెయ్యలే. ఒక్కటే అడిగిండు: “సప్లై ఎక్కడిదాకా వచ్చిందో చూసిండ్రా? బాయిల పంపు నడవకపోతే ముందుగాల మోటార్ ఇప్పం బిడ్డా. స్విచ్ కాడ ఉందా, కేబుల్ చివర ఉందా, ఒక్కొక్కటి చూసుకుంట పోతం.”

ఫ్రెండ్స్, ఈ వీడియోల నేను చెప్పేదంతా ఆ ఒక్క మాటే. సిగ్నల్ ఎక్కడిదాకా వచ్చింది? వరుసగా చూడండి. ఒకసారి ఒక్కటే మార్చండి.

2:30 స్టెప్ 1: మానిటర్, కేబుల్

అన్నిటికంటే ఈజీ ఇదే, అందరూ వదిలేసేదీ ఇదే. ఇంట్ల సెట్‌టాప్ బాక్స్ ఉంటది కదా, దాన్ని అదే హెచ్‌డీఎంఐ కేబుల్‌తోని మానిటర్‌కు పెట్టండి. టీవీ బొమ్మ వచ్చిందంటే మానిటర్, కేబుల్ రెండూ మంచిగున్నట్టే. మానిటర్‌కు రెండు మూడు పోర్టులుంటే, కేబుల్ పెట్టిన పోర్టే మెనూల సెలెక్ట్ అయి ఉందా చూడండి. తమ్ముని మానిటర్ పాస్ అయింది.

3:20 స్టెప్ 2: కేబుల్ ఏ పోర్టుల ఉంది?

క్యాబినెట్ వెనక రెండు చోట్ల డిస్‌ప్లే పోర్టులుంటయ్. పైన యూఎస్‌బీల పక్కన ఉన్నయి మదర్‌బోర్డువి. కింద అడ్డంగా ఉన్నయి గ్రాఫిక్స్ కార్డువి. మదర్‌బోర్డు పోర్టు పనిచెయ్యాలంటే ప్రాసెసర్ లోపలనే గ్రాఫిక్స్ ఉండాలె. ఇంటెల్‌ల పేరు చివర ‘ఎఫ్’ ఉంటే అది ఉండదు. 12400ఎఫ్ అట్లాంటిదే. ఏఎండీల రైజెన్ 5 5600కు కూడా లేదు, 5600జీకి ఉంది. అంటే 12400ఎఫ్ పెట్టుకుని మదర్‌బోర్డు పోర్టుకు కేబుల్ పెడితే జన్మల బొమ్మ రాదు.

తమ్ముని కేబుల్ మదర్‌బోర్డుకే ఉంది. “ఫస్ట్ రోజు కార్డుకే పెట్టిన అన్నా, రాలేదని ఇటు మార్చిన” అన్నడు. ఈ మాట గుర్తుపెట్టుకోండి. కేబుల్ కార్డుకు మార్చినం. అయినా నో సిగ్నల్.

4:30 స్టెప్ 3: మదర్‌బోర్డు ఏం చెప్తుంది?

చాలా మదర్‌బోర్డుల మీద ఓ మూలకు నాలుగు చిన్న లైట్లుంటయ్: సీపీయూ, డీర్యామ్, వీజీఏ, బూట్. ఆన్ చెయ్యంగనే ఒక్కొక్కటి వెలిగి ఆరిపోతది. ఏది ఆరకుండా ఆగిపోతే ప్రాబ్లం అక్కడ. డీర్యామ్ కాడ ఆగితే ర్యామ్ తీసి మళ్ళా గట్టిగ పెట్టండి. స్లాట్లు నాలుగుంటే, రెండు స్టిక్కులు సాధారణంగా ప్రాసెసర్ దిక్కు నుంచి రెండో దాంట్ల, నాలుగో దాంట్ల పెట్టాలె. డీడీఆర్5 ర్యామ్ అయితే ఫస్ట్ టైం కొన్ని నిమిషాలు నల్ల స్క్రీనే ఉండొచ్చు, ఓపిక పట్టండి.

తమ్మునిది వీజీఏ కాడ ఆగింది. అంటే ప్రాసెసర్, ర్యామ్ దాటి వచ్చింది. బోర్డుకు కార్డు సరిగ్గ కనిపిస్తలేదు.

5:40 స్టెప్ 4: కార్డుకు పవర్

ముట్టుకునే ముందు ఎస్‌ఎంపీఎస్ వెనక స్విచ్ ఆఫ్ చేసి, ప్లగ్ పీకి, పవర్ బటన్ కొన్ని సెకన్లు నొక్కి పట్టండి. ఎస్‌ఎంపీఎస్ డబ్బా మాత్రం ఎప్పుడూ విప్పొద్దు, ప్లగ్ పీకినా లోపలి కెపాసిటర్లల్ల చార్జ్ ఉంటది.

కార్డు పెట్టే స్లాట్ నుంచి గరిష్ఠంగా 75 వాట్లే వస్తది. 3060 లాంటి కార్డుకు 170 వాట్లు కావాలె. అందుకే పైనుంచి 8 పిన్ కేబుల్. ఇక్కడ చాలామంది కన్ఫ్యూజ్ అయితరు. సీపీయూ కేబుల్ 4+4, గ్రాఫిక్స్ కార్డు కేబుల్ 6+2. రెండూ ఒక్కలెక్కనే కనబడుతయ్, కానీ వేరు. ఒకదాని చోట ఇంకొకటి బలవంతంగా దూర్చొద్దు.

ఇంకో మాట. కార్డు ఫ్యాన్ తిరుగుతలేదని కార్డు పోయినట్టు కాదు. వేడి లేనప్పుడు ఫ్యాన్ ఆగి ఉండేటట్టే చాలా కార్డులు తయారైతయ్.

తమ్ముడు పవర్ కేబుల్ కరెక్ట్‌గనే పెట్టిండు.

7:00 స్టెప్ 5: స్లాట్‌ల కూర్చుందా?

మొబైల్ టార్చ్ వేసి పక్క నుంచి చూసినం. కార్డు ఒక చివర స్లాట్‌ల దిగింది, రెండో చివర ఒకటి రెండు మిల్లీమీటర్లు పైకి లేచి ఉంది. బంగారు రంగు కాంటాక్టులు కనబడుతున్నయ్. కారణం ఏందంటే, క్యాబినెట్ రేకు కొంచెం వంకర. వెనక స్క్రూ బిగిస్తుంటే అది కార్డును గుంజి రెండో చివరను లేపుతుంది. స్క్రూ తీసి, కార్డును రెండు చివరలా సమానంగా నొక్కితే ‘టక్’మని లాక్ పడ్డది. అది పడ్డంక కార్డును చేత్తో పట్టుకునే స్క్రూ బిగిచ్చినం.

ఆన్ చేసినం. వీజీఏ లైట్ వెలిగింది, ఆరింది. బయాస్ స్క్రీన్ వచ్చింది. తమ్ముడు కుర్చీల నుంచి లేచి నిలబడ్డడు. కాక మాత్రం “ఇంగ తినుండ్రి, పదకొండైతంది” అన్నడు.

8:20 ఆరు రోజులు ఎందుకు పట్టింది?

ఉన్నయి రెండు తప్పులు, అందుకే. ఫస్ట్ రోజు కేబుల్ కార్డుకే ఉంది, కానీ కార్డు సరిగ్గ కూర్చోలే. బొమ్మ రాకపోయేసరికి కేబుల్‌ను మదర్‌బోర్డుకు మార్చిండు. తర్వాత కార్డును ఎన్నిసార్లు తీసి పెట్టినా, ఒకవేళ మంచిగ కూర్చున్నా, కేబుల్ తప్పు పోర్టుల ఉంది కాబట్టి తెలిసే చాన్సే లేదు. “అన్నీ ట్రై చేసిన” అన్నడు కదా, అబద్ధం కాదు. వరుస తప్పింది, అంతే. కార్డు రిటర్న్ పెట్టి కొత్తది తెప్పిచ్చినా, అదే వంకర రేకుకు బిగిస్తే మళ్ళా నో సిగ్నలే.

నేను సాఫ్ట్‌వేర్ జాబ్ చేసినప్పుడు కూడా ఇదే చూసిన. ఒకేసారి నాలుగు లైన్లు మారిస్తే బగ్ పోయినా ఎందుకు పోయిందో తెల్వదు. అది మళ్ళా వస్తది.

9:20 నిజంగనే కార్డు పోతే?

ఇవన్నీ చూసినంక బోర్డు మీది బ్యాటరీ ఓ ఐదు నిమిషాలు తీసి పెట్టి, బయాస్ రీసెట్ చెయ్యండి. అప్పటికీ రాకపోతే కార్డును దోస్తు పీసీల పెట్టి చూడండి. అక్కడ కూడా రాకపోతే, అప్పుడు కార్డు పోయిందని నమ్మకంగ చెప్పొచ్చు. బాక్స్, బిల్లు, అన్‌బాక్సింగ్ వీడియో దాచిపెట్టుకోండి. సీరియల్ నంబర్ స్టిక్కర్ చింపొద్దు.

మన బొగ్గు బెల్ట్ వాళ్ళకు ఎక్స్‌ట్రా ఒక మాట. ఓపెన్‌కాస్టుల దుమ్ము మన ఇండ్లల్ల ఎట్ల పేరుకుంటదో తెలిసిందే. క్యాబినెట్‌ను నేల మీద పెట్టకండి, ముందు ఫిల్టర్ నెలకోసారి దులపండి. ఇంకోటి, ఎన్టీపీసీ మన పక్కనే ఉన్నా, మన ప్లగ్‌ల ఎర్తింగ్ ఉందో లేదో మనమే చెక్ చేయించుకోవాలె.

తమ్ముడు రిటర్న్ పెట్టలే. మీ ఇంట్ల కూడా ఇట్ల ఆగిపోయిన పీసీ ఉంటే, ఈ రాత్రికి ఒక్క స్టెప్ చూడండి, రేపు ఇంకొకటి. నెక్స్ట్ ఎపిసోడ్‌ల డ్రైవర్ల గురించి మాట్లాడుకుందాం. ఉంట మరి, బై.