ఆప్టికల్ డిస్కు డ్రైవు నవీకరణ

ఆప్టికల్ డిస్కు డ్రైవు నవీకరణ అనగా కంప్యూటరులోని సీడీ లేదా డీవీడీ డ్రైవు స్థానంలో, అంతకన్నా ఎక్కువ రకాల డిస్కులను చదవగల లేదా రాయగల డ్రైవును అమర్చుకొనడం. యూఎస్‌బీ తీగతో బయటి నుండి తగిలించే డ్రైవును సమకూర్చుకొనడం కూడా దీని కిందకే వస్తుంది. 2000వ దశకంలో ఈ మార్పును ఎక్కువగా కొత్త రకం డిస్కుల కోసం, రాసే వేగం కోసం చేసేవారు. నేటి కొత్త కంప్యూటర్లలో చాలావాటికి ఈ డ్రైవే ఉండదు. కాబట్టి ఇప్పుడు డ్రైవు అవసరం ప్రధానంగా పాత డిస్కుల వలన కలుగుతున్నది. పెండ్లి వీడియోలు, ఛాయాచిత్రాలు, పరిశోధన పత్రాలు మొదలైనవి రాసిపెట్టిన డిస్కులు పాడైపోక ముందే వాటిలోని సమాచారాన్ని బయటకు తీయవలసి ఉంటుంది.

డిస్కులలోని తేడాలు

సీడీ, డీవీడీ, బ్లూ-రే డిస్కులు మూడింటికీ సాధారణ వ్యాసం 12 సెంటీమీటర్లు, మందం 1.2 మిల్లీమీటర్లు. చూపునకు ఒకే విధంగా ఉన్నప్పటికీ వాటిని చదివే లేజరు కాంతి వేరు. కాంతి తరంగదైర్ఘ్యం తగ్గేకొద్దీ దానిని మరింత చిన్న బిందువుగా కేంద్రీకరించవచ్చు. అందువలన వరుసలను దగ్గరగా పేర్చి, అదే వైశాల్యంలో ఎక్కువ సమాచారాన్ని ఇమడ్చవచ్చు.

* సీడీ (1982): 780 నానోమీటర్ల పరారుణ కాంతి, వరుసల మధ్య దూరం 1.6 మైక్రోమీటర్లు, సామర్థ్యం 650 నుండి 700 మెగాబైట్లు.
* డీవీడీ (1996): 650 నానోమీటర్ల ఎరుపు కాంతి; వరుసల మధ్య దూరం 0.74 మైక్రోమీటర్లు, ఒక పొరకు 4.7 గిగాబైట్లు, రెండు పొరలకు 8.5 గిగాబైట్లు.
* బ్లూ-రే (2006): 405 నానోమీటర్ల నీలి-ఊదా కాంతి, వరుసల మధ్య దూరం 0.32 మైక్రోమీటర్లు, ఒక పొరకు 25 గిగాబైట్లు, రెండు పొరలకు 50 గిగాబైట్లు.

సీడీ డ్రైవులో డీవీడీకి తగిన లేజరు ఉండదు. కావున ఏ సాఫ్టువేరు వేసినా అది డీవీడీని చదవలేదు. డీవీడీ డ్రైవులలో సీడీల కొరకు మరొక లేజరును కూడా అమర్చుతారు. బ్లూ-రే డ్రైవులు సాధారణంగా మూడు రకాలనూ చదువుతాయి.

వేగం

డ్రైవుపై ముద్రించే 16ఎక్స్, 52ఎక్స్ వంటి గుర్తులు వేగాన్ని తెలుపుతాయి. అయితే ఒక "ఎక్స్" విలువ అన్ని డిస్కులకూ ఒకటి కాదు. సీడీకి అది సెకనుకు 150 కిలోబైట్లు, డీవీడీకి సుమారు 1.39 మెగాబైట్లు, బ్లూ-రేకు 4.5 మెగాబైట్లు. ఆ లెక్కన 52ఎక్స్ సీడీ డ్రైవు కన్నా 16ఎక్స్ డీవీడీ డ్రైవు దాదాపు మూడు రెట్లు వేగవంతమైనది. పైగా డిస్కు స్థిరమైన భ్రమణ వేగంతో తిరిగే డ్రైవులలో, ముద్రించిన వేగం డిస్కు వెలుపలి అంచు దగ్గర మాత్రమే లభిస్తుంది. లోపలి వరుసల వద్ద అది సగానికన్నా తక్కువ. గీతలు పడిన డిస్కులను ఎలాగూ నిదానంగానే చదవవలసి వస్తుంది. కాబట్టి పాత డిస్కులను చదవడమే ప్రయోజనమైతే, కేవలం వేగం కొరకు డ్రైవును మార్చడం వలన లాభం స్వల్పం.

అనుసంధానం

పాత డెస్క్‌టాప్ కంప్యూటర్లలో డ్రైవును వెడల్పాటి ఐడీఈ పట్టీ తీగతో కలిపేవారు. 2003 నుండి సన్నని సాటా తీగ వాడుకలోకి వచ్చింది. ఒకదాని డ్రైవు రెండవదానికి నేరుగా తగలదు. ల్యాప్‌టాప్‌లలో డ్రైవు మందం సాధారణంగా 12.7 లేదా 9.5 మిల్లీమీటర్లు ఉంటుంది. కొనేముందు దీనిని కొలిచి చూసుకోవాలి.

యూఎస్‌బీ డ్రైవుకు ఈ ఇబ్బందులు లేవు. పైగా ఒకే డ్రైవును పలు కంప్యూటర్లకు వాడుకోవచ్చు. యూఎస్‌బీ 2.0 గరిష్ఠ వేగం సెకనుకు 480 మెగాబిట్లు, అనగా 60 మెగాబైట్లు. 16ఎక్స్ డీవీడీకి కావలసినది సుమారు 22 మెగాబైట్లు మాత్రమే కాబట్టి అది సరిపోతుంది. అయితే యూఎస్‌బీ 2.0 రంధ్రం ప్రమాణం ప్రకారం 500 మిల్లీ ఆంపియర్ల విద్యుత్తును మాత్రమే ఇస్తుంది. అది చాలనప్పుడు డ్రైవు మధ్యలో ఆగిపోవచ్చు. యూఎస్‌బీ 3.0లో ఇది 900 మిల్లీ ఆంపియర్లు.

లోపం ఎక్కడున్నది?

డిస్కు చదవబడనంత మాత్రాన డ్రైవు పాడైనదని భావించరాదు. ముందుగా ఈ క్రింది పరీక్షలు చేయవచ్చు.

* కంపెనీలో ముద్రించిన డిస్కును పెట్టి చూడాలి. అది కూడా రాకపోతే లోపం డ్రైవులో ఉండే అవకాశం ఎక్కువ.
* సీడీలు వచ్చి డీవీడీలు రాకపోతే, డీవీడీకి సంబంధించిన లేజరు బలహీనపడి ఉండవచ్చు.
* ఇంటిలో రాసిన ఒక డిస్కు మాత్రమే రాకపోతే, దానిని మరొక డ్రైవులో పరీక్షించాలి. దెబ్బతిన్న డిస్కులను చదవగల శక్తి అన్ని డ్రైవులకూ సమానంగా ఉండదు.
* దస్త్రాలు కనబడుతూ సినిమా మాత్రమే ఆడకపోతే, లోపం సాఫ్టువేరుది కావచ్చు. 2012లో వచ్చిన విండోస్ 8 నుండి డీవీడీ చిత్రాలను ఆడించే సౌకర్యాన్ని సాధారణ కూర్పులలో ఇవ్వడం మానివేశారు. వీఎల్‌సీ వంటి ఉచిత సాఫ్టువేరుతో వాటిని చూడవచ్చు.

డీవీడీ చిత్రాలకు ప్రాంతీయ సంకేతం కూడా ఉంటుంది. భారతదేశానిది 5, అమెరికాది 1. డ్రైవులో ఈ సంకేతాన్ని సాధారణంగా ఐదు సార్లు మాత్రమే మార్చుకొనే వీలుంటుంది. అమెరికాలో కొన్న డీవీడీ ఇక్కడ ఆడకపోవడానికి ఇది ఒక కారణం.

రాసిన డిస్కుల ఆయువు

కంపెనీలో ముద్రించిన డిస్కులో సమాచారం ప్లాస్టిక్‌పై అచ్చువేసిన సూక్ష్మమైన గుంటల రూపంలో ఉంటుంది. ఇంటిలో రాసే సీడీ-ఆర్, డీవీడీ-ఆర్ డిస్కులలో చాలావాటిలో అది ఒక రసాయనిక రంగు పొరపై ఉంటుంది. ఎండ, వేడి, తేమ తగిలితే ఆ రంగు క్రమంగా మారిపోతుంది. సీడీలో సమాచారపు పొర పేరు రాసే పైభాగానికి అతి దగ్గరగా ఉంటుంది. కాబట్టి అడుగు గీతల కన్నా పై గీతలు దానికి ఎక్కువ హాని చేస్తాయి. రంగు చెరిగిపోయిన డిస్కును ఎంత ఖరీదైన డ్రైవు కూడా తిరిగి చదవలేదు. పాత డ్రైవును రేపైనా మార్చవచ్చును గాని, పోయిన సమాచారాన్ని తిరిగి తేలేము.

నిర్ణయం

* ఉన్న డ్రైవు డిస్కులను సరిగా చదువుతుంటే కొత్తది అవసరం లేదు. ఆ డబ్బుతో హార్డ్ డిస్కు కొని, డిస్కులలోని సమాచారాన్ని దానిలోకి తరలించడం మేలు.
* డ్రైవు పనిచేయకపోయినా, కంప్యూటరుకు డ్రైవే లేకపోయినా, సీడీలు, డీవీడీలు మాత్రమే ఉన్నవారికి యూఎస్‌బీ డీవీడీ డ్రైవు చాలును.
* బ్లూ-రే డిస్కులు ఉన్నవారికే బ్లూ-రే డ్రైవు అవసరం. సోనీ సంస్థ 2025 ఫిబ్రవరిలో రాయదగిన బ్లూ-రే డిస్కుల ఉత్పత్తిని నిలిపివేసింది. కాబట్టి కొత్తగా భద్రపరచడానికి ఈ మార్గాన్ని ఎంచుకొనేముందు డిస్కుల లభ్యతను ఆలోచించాలి.
* డిస్కులు కొద్దిగానే ఉంటే, డ్రైవు ఉన్న మిత్రుల వద్ద నుండి ఒకరోజు తెచ్చుకొనినా పని పూర్తవుతుంది.

తరలించేటప్పుడు అన్నిటికన్నా పాతవైన, ఇంటిలో రాసిన డిస్కులతో ప్రారంభించాలి. నకలు తీసిన తరువాత దస్త్రాలను తెరిచి సరిచూసుకోవాలి. రెండు వేర్వేరు చోట్ల నకళ్ళు భద్రపరిచేవరకు అసలు డిస్కును పారవేయరాదు.