వెయ్యి బీడీల లెక్కలో లేని చేతులు

సోలాపూర్ తూర్పు పేటల్లో బడి వదిలాక పిల్లలకు రెండో పని మొదలవుతుంది. అశోక్ చౌక్, సాకర్ పేట, భద్రావతి పేట, దత్తనగర్... బోర్డులన్నీ మరాఠీలో, మాటలన్నీ తెలుగులో నడిచే వీధులివి. ఆడపిల్ల అమ్మ పక్కన బీడీల చాట ముందు కూర్చుంటుంది. మగపిల్లాడు కండెలు చుట్టడానికో, తువ్వాళ్లు మడతపెట్టడానికో పవర్‌లూమ్ కార్ఖానాకు పోతాడు. దీన్ని ఎవరూ ఉద్యోగం అనరు. ఇంటికి సాయం అంటారు.

తెలంగాణ పల్లెల నుంచి పద్మశాలీ కుటుంబాలు ఈ ఊరికి పంతొమ్మిదో శతాబ్దంలోనే పెద్ద ఎత్తున తరలివచ్చాయి. 1877లో ఇక్కడ తొలి బట్టల మిల్లు వెలిసింది. పెద్ద మిల్లులు ఒక్కొక్కటే మూతపడ్డాక మగవాళ్లకు పవర్‌లూమ్‌లు మిగిలాయి, ఆడవాళ్లకు బీడీలు మిగిలాయి.

బీడీ చుట్టడం చూడటానికే తేలిక. తునికాకును తడపాలి, కొలతకు కత్తిరించాలి, తంబాకు సమంగా పోసి చుట్టాలి, మూతి మడవాలి, దారం కట్టాలి. కూలి వెయ్యి బీడీల లెక్కన వస్తుంది. ఆకు బాగాలేకున్నా, చుట్టు వదులైనా ఏరి పక్కన పడేస్తారు. ఒక్క మనిషి వెయ్యి పూర్తి చేయాలంటే రోజంతా నడుము ఎత్తకుండా కూర్చోవాలి. అందుకే కూతురు ఆకు కత్తిరిస్తుంది, చెల్లెలు మూతులు మడుస్తుంది. కంపెనీ పుస్తకంలో తల్లి పేరొక్కటే ఉంటుంది.

చట్టానికీ ఈ ఇంటి గడప అడ్డమైంది. 1986 నాటి బాలకార్మిక చట్టం పిల్లలు చేయకూడని పనుల్లో బీడీల తయారీని చేర్చింది. 2016 సవరణకు ముందు, సొంత కుటుంబంతో కలిసి ఇంట్లో చేసే పనిని మాత్రం మినహాయించింది. సోలాపూర్ బీడీ చాలావరకు తయారయ్యేది ఇళ్లలోనే! ఈ పనిలో, పొగ ఎన్నడూ తాగని పిల్ల ఒంట్లోకి కూడా నికోటిన్ చేరుతుంది: చర్మం గుండా, తంబాకు ధూళి పీల్చిన ఊపిరి గుండా.

మగపిల్లాడి దారి వేరు. చేతిలో కూలి డబ్బులు, చుట్టూ బీడీ కాల్చే పెద్దవాళ్లు, మలుపులో పాన్ టపరీ. పద్దెనిమిదేళ్లలోపు వారికి పొగాకు అమ్మకూడదనీ, బడికి వంద గజాల లోపు దుకాణమే ఉండకూడదనీ 2003 చట్టం చెబుతోంది. 2019లో దేశవ్యాప్తంగా 13-15 ఏళ్ల విద్యార్థులపై జరిగిన సర్వేలో 8.5 శాతం మంది ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నట్టు తేలింది. బీడీ తాగినవారిలో 47 శాతం మంది పదేళ్లు నిండకముందే మొదలుపెట్టారు. ఇది బడికి వచ్చిన పిల్లల లెక్క; బడి మానేసి కార్ఖానాలో కుదిరినవాళ్లు ఇందులో లేరు.

పనికీ పొగకూ ఉన్న ముడి ఈ ఒక్క ఊరిదే కాదు. అమెరికాలోని బాల్టిమోర్ పిల్లలను ఏళ్ల తరబడి గమనించిన జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు, జీతానికి కుదిరిన కుర్రాళ్లు పొగాకు మొదలుపెట్టే అవకాశం ఎక్కువని 2007లో ప్రచురించారు. వారానికి పది గంటలు మించి పనిచేసేవాళ్లు మరింత చిన్న వయసులోనే అలవాటు పడ్డారు. అక్కడి పిల్లలు పనిచేసేది వేరే చోట్ల. ఇక్కడ ఆ సరుకు ఇంటి చాటలోనే ఉంది.

పిల్లలను మందలించి ఊరుకుంటే ఈ ముడి తెగదు. తల్లి ఒక్కతే సాయంత్రం దాకా ఎన్ని చుట్టగలదో అన్నింటికే ఇల్లు గడిచే కూలి కట్టాలి. అది కలలో మాట కాదు. 'ఆడం మాస్టర్'గా ఊరంతా ఎరిగిన నర్సయ్య ఆడం నాయకత్వంలో బీడీ కార్మిక స్త్రీలు ఏళ్ల తరబడి పోరాడి, సోలాపూర్ పక్కనే ఉన్న కుంభారి దగ్గర కమ్యూనిస్టు నాయకురాలు గోదుతాయి పరులేకర్ పేరిట పది వేల ఇళ్ల కాలనీ సాధించుకున్నారు. తర్వాత రేనగర్‌లో అసంఘటిత కార్మికుల కోసం తలపెట్టిన 30,000 ఇళ్లలో 15,000 ఇళ్లను ప్రధాని 2024 జనవరి 19న అందజేశారు. ఇల్లు సాధించిన ఐక్యత వెయ్యి బీడీల రేటు దగ్గరా నిలబడాలి. కార్మిక శాఖ కూడా ఒక పని చేయవచ్చు: పుస్తకంలో ఒక్కరి పేర రోజూ వెయ్యి నమోదవుతున్న ఇంటికి బడి వదిలిన వేళ వెళ్లి, చాట ముందు ఎంతమంది కూర్చున్నారో లెక్కపెట్టడం.