తరిమేసిన కోడి వెంటే మంద

నల్లగొండ జిల్లా నుంచి ఒక పాఠకుడు ఉత్తరం రాశారు. బత్తాయి తోటలో గినీ కోళ్లు పెంచుతున్నారట. పళ్లెం నిండా జొన్నలు పోసినా తినీ తినక మంద మొత్తం గోడ దాటి పక్క చేలోకి పోతోందట. పెద్ద పుంజే అన్నిటినీ లాక్కుపోతోందని అనుమానించి దాని కాలికి తాడు వేసి కట్టేశారట. అయినా మిగతావి ఆగలేదు. "ఇంతకీ వీటికి నాయకుడు ఎవరండీ?" అని అడిగారు. ఆ ఒక్క వాక్యం చదివి మిగతా ఉత్తరాలన్నీ పక్కన పెట్టేశాను. దీనికి జవాబు కెన్యాలో దొరికింది, అదీ ఈమధ్యనే.

ముందు నాలుగు ముక్కల్లో పరిచయం. గినీ కోళ్ల జాతులన్నీ ఆఫ్రికావే. మన దగ్గర పెంచేది నెత్తిన కొమ్ములాంటి బుడిపె, ముదురు రంగు ఈకల మీద తెల్ల చుక్కలు ఉండే జాతి. బరేలీ పక్కన ఇజ్జత్‌నగర్‌లో ఉన్న కేంద్ర పక్షి పరిశోధన సంస్థ ఇందులో కాదంబరి, చితంబరి, శ్వేతాంబరి అనే రకాలను రూపొందించింది. నాటుకోడి గుడ్డు 21 రోజుల్లో పిల్ల అవుతుంది. గినీ గుడ్డుకు 26 నుంచి 28 రోజులు కావాలి. పాము కనబడినా, కొత్త మనిషి కనబడినా ఇల్లు ఎగిరిపోయేలా అరుస్తాయి. పరిచయానికి ఇంత చాలు.

ఇప్పుడు కెన్యా వెళదాం. అక్కడి ఎండు పొదల్లో మన గినీ కోడికి దాయాది ఒకటుంది. రాబందుకున్నట్టు బోడి తల, ఎర్రని కళ్లు, రొమ్ము మీద నిగనిగలాడే నీలం, మెడ నుంచి జారే నలుపు తెలుపు చారల ఈకలు. ఎంపాలా పరిశోధన కేంద్రంలో డనాయ్ పాపగియోర్గియు, డేమియన్ ఫరీన్, వారి సహచరులు 400కు పైగా పక్షుల కాళ్లకు రంగురంగుల కడియాలు తొడిగారు. ప్రతి మందలోనూ కొన్నిటికి జీపీఎస్ పరికరాలు తగిలించారు. 2019లో ప్రకటించిన ఫలితం ఇది: అక్కడున్నవి 18 మందలు, ఒక్కోదానిలో 13 నుంచి 65 పక్షులు. రెండు మూడు మందలు కలిసి మేస్తాయి, రాత్రి ఒకే చెట్ల మీద పడుకుంటాయి. విడిపోయేటప్పుడు మాత్రం ఏ పక్షి తన మందను మరిచిపోదు. పైగా ఫలానా మందకు ఫలానా మందలతోనే పొత్తు. ఇలా మందల మీద మందలుగా అల్లుకున్న సమాజం కోతులు, ఏనుగుల వంటి పెద్ద మెదడున్న జంతువులకే చేతనవుతుందని అంతకుముందు అనుకునేవారు. ఆ నమ్మకాన్ని కోడి జాతి పక్షి ఒకటి తలకిందులు చేసింది.

నన్ను నిద్రపోనివ్వని ఫలితం మాత్రం 2020లో 'సైన్స్ అడ్వాన్సెస్' పత్రికలో వచ్చినది. ఒక మంద రోజంతా ఎటు నడవాలో ఎవరు తేలుస్తారు అన్నది పరిశోధకుల ప్రశ్న. మందలో పెత్తనం పుంజులదే. ఎవరు ఎవరిని పొడుస్తారు, ఎవరు తప్పుకుంటారు అన్నదాన్ని బట్టి పై మెట్టు, కింది మెట్టు రాసుకున్నారు. తర్వాత మేత దగ్గర చూశారు. గడ్డి గింజలు విస్తారంగా పరుచుకుని ఉన్నచోట అందరూ తింటారు, గొడవ లేదు. మేత ఒక్కచోటే గుప్పెడంత ఉంటే పై మెట్టు పుంజులు దాన్ని ఆక్రమించి మిగతావాటిని తరిమేస్తాయి. అసలు సంగతి ఇక్కడే మొదలవుతుంది.

తరిమేసిన పక్షికి అక్కడ నిలబడి లాభం లేదు. అది పక్కకు నాలుగడుగులు వేస్తుంది. ఎవరూ కదలకపోతే మళ్లీ మందలోకి వస్తుంది. ఈలోగా తన్నులు తిన్న మరోటి అటే నడుస్తుంది, ఇంకోటి తోడవుతుంది. కొంతసేపటికి మేత దగ్గర మిగిలేది పెత్తనం చేసే పుంజులే. వాటి ముందు గింజలున్నాయి, కానీ చుట్టూ కాపలా కళ్లు లేవు. చిరుతలు, గద్దలు తిరిగే చోట ఒంటరి పక్షి బతకడం కష్టం. అందుకని అవి తింటున్న మేతను వదిలేసి, తాము తరిమినవాటి వెంటే పరుగెత్తాలి!

ఇందులో ఎవరూ ఓటు వేయలేదు, ఎవరూ తిరుగుబాటు చేయలేదు. మేత ఎంత గట్టిగా గుప్పిట పడితే దారి చెప్పే అధికారం అంత తొందరగా చేజారుతుంది. మేత మళ్లీ అందరికీ అందే చోటికి చేరగానే ఆ అధికారం తిరిగి అందరికీ పంచబడుతుంది. ఇంత సరళమైన యంత్రాంగాన్ని ప్రకృతిలో నేను చాలా తక్కువ చూశాను.

మరి వందేళ్లుగా మనం వేరేలా ఎందుకు అనుకున్నాం? నార్వేకు చెందిన థోర్లీఫ్ షెల్డరుప్-ఎబ్బే చిన్నప్పటి నుంచి పెరటి కోళ్లను గమనించి, ఎవరు ఎవరిని పొడవాలో వాటిలో ఒక వరుస ఉంటుందని 1920ల మొదట్లో రాశాడు. అది గొప్ప పరిశీలన, ఇప్పటికీ నిలిచింది. కానీ ఆయన నిరంకుశత్వమే ప్రకృతికి పునాది అన్నంత దూరం వెళ్లాడు. తర్వాతివాళ్లు ముందు తినేవాడే ముందు నడిచేవాడు కూడా అని తేల్చేసుకున్నారు. పొడవడం వేరు, నడిపించడం వేరు అని విడదీసి చూడటానికి చాలా కాలం పట్టింది. ఒక్కరి మాట వినడం కన్నా అందరూ కలిసి తేల్చుకోవడమే మందకు తక్కువ నష్టమని లారిసా కాన్రాట్, టిమ్ రోపర్ 2003లో గణితంతో చూపించారు. కానీ నమీబియాలో ఆండ్రూ కింగ్ బృందం బబూన్ కోతులకు ఒకేచోట మేత పెట్టి చూస్తే, తమకేమీ దక్కదని తెలిసినా చిన్న కోతులు పెద్ద మగకోతి వెంటే వెళ్లాయి; ఈ ఫలితం 2008లో వచ్చింది. గినీ కోళ్లను చూసిన ఎంపాలాలోనే జీపీఎస్ కట్టి చూసిన మరో బబూన్ల గుంపులో మాత్రం దారి అన్నీ కలిసే తేల్చుకున్నాయని 2015లో ప్రకటించారు. ఇంత తికమక మధ్యలోకి వచ్చిన గినీ కోళ్ల ఫలితం, మేత ఎలా పరుచుకుని ఉందో చూడకుండా నాయకుడెవరని అడగడమే తప్పని చెబుతోంది.

నల్లగొండ పాఠకుడి పళ్లెం దగ్గరికి వద్దాం. పళ్లెం అంటే గుప్పిట పట్టడానికి వీలైన మేత. ఈసారి జొన్నలు పోసి కాసేపు నిలబడి చూడండి. రెండు మూడు పుంజులు తల వంచి, రెక్కలు కాస్త ఎత్తి మిగతావాటి మీదికి దూకుతాయి. దెబ్బ తిన్నవి గోడ వైపు తిరుగుతాయి. కట్టేసిన పుంజుకు ఈ ప్రయాణంలో పాత్రే లేదు. అది మహా అయితే ప్రయాణికుడు. పెరటి జాతి, కెన్యా జాతి వేరు వేరే అయినా రెంటిదీ మంద బతుకే, రెంటిలోనూ పెత్తనం ఉంది, ఒంటరితనమంటే రెంటికీ భయమే. అందుకని పళ్లెం తీసేసి జొన్నలు, సజ్జలు నేల మీద దూరదూరంగా చల్లండి. సాయంత్రం మేత గూట్లోనే వేయండి, లేకపోతే రాత్రి చెట్లెక్కి గుడ్లగూబల పాలవుతాయి.

పురుగుల కోసం, పిడుదుల కోసం వీటిని కొంటున్నామని కొందరు రాస్తారు. పిడుదులను తినేస్తాయన్న పేరు అమెరికాలో 1992లో వెలువడిన ఒక అధ్యయనం నుంచి పాకింది. మోడల్ క్రిస్టీ బ్రింక్లీ కూడా అందులో సహరచయిత. పచ్చిక మీద పెద్ద పిడుదులు తగ్గిన మాట నిజమే. కానీ మనుషులకు ఎక్కువగా జబ్బు అంటించే పిల్ల పిడుదులు తగ్గలేదని తర్వాత తేలింది. ఇంత అందమైన సమాజాన్ని పురుగుమందు డబ్బాలా చూడటం నాకు బాధగా ఉంటుంది.

కొత్తగా తెచ్చినవాటికైతే కొన్ని వారాలు గూడు అలవాటు చేయాలి. ఆ తర్వాత కూడా ఒక్కసారిగా తలుపు తీయకండి. రెంటిని వదిలి మిగతావాటిని లోపలే ఉంచితే బయటివి గూడు వదిలి పోవు, మంద లోపల ఉంది కదా. మర్నాడు ఇంకో రెండు. పళ్లెం దగ్గర ఎక్కువ తన్నులు తినేవి ఏవో ముందే గుర్తు పెట్టుకుని వాటిని అందరికన్నా చివర వదిలి చూడండి. ఎంపాలా లెక్క ప్రకారం దారి తీసేవి అవే.